ఉచ్చగుడ్డలకు ఒక పద్ధతి

పసిబిడ్డ ఉన్న ఇంట్లో అడుగు పెట్టగానే వాసన కొడుతోందంటే తప్పు గుడ్డది కాదు, బిడ్డది అసలే కాదు. ఒంటి మీద నుంచి విప్పిన గుడ్డ ఉతుక్కి వెళ్లేదాకా ఎక్కడ పడి ఉంది, ఎంతసేపు పడి ఉంది అన్నదే చూడాలి. క్లాత్ డైపర్లు మొదలుపెట్టి నెల తిరక్కుండా మానేసిన తల్లులను అడగండి. వాసన వస్తోందంటారు. బిడ్డకు ఒరిసి ఎర్రబడుతోందంటారు. గుడ్డ పీల్చడం మానేసింది, వానల్లో ఆరడం లేదు, ఇక నావల్ల కాదు అంటారు. మొదటి నాలుగూ పద్ధతి మారిస్తే పోయేవే. చివరిది మాత్రం ఇంట్లో మిగతావాళ్లు ఒక చెయ్యి వేస్తేగానీ పోదు.

మన ఇళ్లకు ఇది కొత్త పనేమీ కాదు. అమ్మాయి పురిటికి వచ్చేసరికి పుట్టింట్లో పాత నేత చీరలు, పంచెలు ఉతికి, చింపి, మడతలు పెట్టి ఉంచేవారు. ఏళ్ల తరబడి ఉతుకులు తిన్న నూలు కాబట్టి అది మెత్తగా ఉంటుంది, తడిని ఇట్టే పీలుస్తుంది. దుకాణంలో కొన్న కొత్త నూలు లంగోటీకి ఆ గుణం మొదటి రోజే రాదు. పత్తి పోగుకు పుట్టుకతో ఉండే మైనం నాలుగైదు ఉతుకులకుగానీ వదలదు. అందుకే కొత్తవి కట్టిన రోజే ‘ఇవి పీల్చడం లేదు’ అని పక్కన పడేయకండి, ముందుగానే కొన్నిసార్లు ఉతికి ఉంచుకోండి. బిడ్డ పుట్టకముందు బట్టలు కొనకూడదన్న పట్టింపు ఉన్న ఇంట్లోనైతే ఉతికిన పాత చీరను మించింది లేదు.

మొదటి వారాల్లో రోజుకు పది, పన్నెండు గుడ్డలు తడుస్తాయి. రోజు విడిచి రోజు ఉతకాలంటే రెండు డజన్లు చేతిలో ఉండాలి, జూలై, ఆగస్టుల్లో పుట్టిన బిడ్డకు మూడు డజన్లు. ఈ తడిసిన గుడ్డల లెక్క ఇంకో రకంగానూ పనికొస్తుంది. పాలు సరిపోతున్నాయా లేదా అని బెంగపడే బాలింతకు డాక్టర్లు చెప్పే గుర్తు ఇదే: ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో బాగా తడుపుతుంటే పాలు అందుతున్నట్టు. అన్నిటినీ తనలోకి లాగేసుకునే కాగితపు డైపర్‌లో ఆ లెక్క తెలియదు, గుడ్డలో తెలుస్తుంది. తడి తగ్గిందనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇక రకాలంటారా, అన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. పీల్చేదొకటి, తడి బయటికి రాకుండా ఆపేదొకటి. లంగోటీలో పీల్చేది మాత్రమే ఉంటుంది. కవర్ డైపర్లు, పాకెట్ డైపర్లలో పైన పీయూఎల్ అనే పొర ఉంటుంది, అంటే పాలియురెథేన్ పూసిన నేతగుడ్డ. లోపల పెట్టే ఇన్సర్టు నూలుదో, వెదురుదో, మైక్రోఫైబర్‌దో అవుతుంది. మైక్రోఫైబర్‌ను మాత్రం బిడ్డ చర్మానికి నేరుగా తగలనివ్వకండి. అది చర్మంలోని తేమను కూడా లాగి పొడిబారేట్టు చేస్తుంది. నూలు ఇన్సర్టు ఉతకడం, ఆరడం, కంపు వదలడం అన్నిట్లోనూ నమ్మకస్తురాలు. అన్నీ చూసి ఎంచుకునే వీలుంటే నా ఓటు నూలుకే.

తడి గుడ్డలో ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే మిగతా పద్ధతంతా దానంతటదే అర్థమవుతుంది. అప్పుడే పోసిన ఉచ్చకు ఘాటు ఉండదు, ముఖ్యంగా తల్లిపాలు తాగే బిడ్డది. అందులో యూరియా ఉంటుంది. దొడ్డిలోనూ చర్మం మీదా ఉండే సూక్ష్మజీవులు ఆ యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ముక్కు పుటాలు మండించే ఆ ఘాటు అదే. దానికి వెచ్చదనం కావాలి, తడి కావాలి, సమయం కావాలి. మూత బిగించిన బకెట్‌లో మూడూ దొరుకుతాయి.

అమ్మోనియా వాసనతో వదిలిపెట్టదు. బిడ్డ చర్మానికి సహజంగా కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, అదే దానికి రక్ష. అమ్మోనియా ఆ గుణాన్ని చెడగొడుతుంది. అప్పుడు దొడ్డిలో మిగిలిన జీర్ణరసాలు చురుకై చర్మం పైపొరను తినడం మొదలుపెడతాయి. డైపర్ దద్దు పుట్టే తీరు ఇది. కాబట్టి గుడ్డ ఎంత ఖరీదైనదైనా పగటిపూట బిడ్డ ఒంటి మీద రెండు మూడు గంటలకు మించి తడిగా ఉండకూడదు, దొడ్డికి వెళ్లిందంటే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. రాత్రి కట్టింది ఉదయం వరకు ఉంటుంది గనక పొద్దున్నే మొదట చేయాల్సిన పని దాన్ని విప్పి, జాడించి, పిండి పెట్టడం. చాలా ఇళ్లలో కంపంతా ఆ ఒక్క రాత్రి గుడ్డది. దాన్ని మధ్యాహ్నం దాకా మిగతావాటితో కలిపి ఉంచేస్తారు.

బకెట్ వద్దు, బుట్ట పెట్టండి

బకెట్‌లో నీళ్లు పోసి, గుప్పెడు సబ్బు పొడి వేసి, విప్పిన గుడ్డనల్లా అందులో పడేసి మర్నాటిదాకా నానబెట్టడం మనవాళ్ల అలవాటు. నానితే మురికి తేలిగ్గా వదులుతుందని నమ్మకం. అరగంట నానితే వదిలే మాట నిజమే. ఇరవై నాలుగు గంటలు నానితే ఒక గుడ్డలో ఉన్న సూక్ష్మజీవులు అన్ని గుడ్డలకూ పాకుతాయి. మన ఎండాకాలంలో ఆ నీళ్లు గోరువెచ్చగా కూడా ఉంటాయి, అంతకన్నా వాటికేం కావాలి? పీయూఎల్ పొర, కాళ్ల దగ్గరి లాస్టిక్ కూడా గంటల తరబడి నానితే పాడవుతాయి.

వీటన్నిటికన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది, దాన్ని నేను ఒకటికి రెండుసార్లు చెబుతాను. పాకే బిడ్డ, పట్టుకుని నిలబడే బిడ్డ ఉన్న ఇంట్లో నీళ్లున్న బకెట్ ప్రాణాపాయం. ఆ వయసులో తల బరువు ఎక్కువ. బకెట్ అంచు పట్టుకుని తొంగిచూసిన బిడ్డ తలకిందులైతే తనంతట తాను పైకి రాలేదు, అరవలేదు. అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు. బాత్రూమ్ తలుపు వేసే ఉందిలే అనుకోకండి. నీళ్లున్న బకెట్‌ను వదిలి ఫోను ఎత్తడానికి కూడా వెళ్లకండి.

నీళ్లు లేని పద్ధతికి కావలసింది చిల్లులున్న ప్లాస్టిక్ బుట్ట ఒకటి. ఉచ్చపోసిన గుడ్డను కుళాయి కింద చన్నీళ్లతో జాడించి, గట్టిగా పిండి, విప్పి బుట్ట అంచు మీదుగా వేయండి. ముద్దగా పడేయకండి. బుట్టకు మూత వద్దు. మూత వేస్తే వాసన రాదనుకుంటాం కానీ లోపల గాలి ఆడక తడి ఆరదు, తెరిచినప్పుడు ఒక్కసారిగా కొడుతుంది. చలికాలంలో రెండు రోజుల దాకా ఆగవచ్చు, అంతకు మించి వద్దు. ఏప్రిల్, మే నెలల్లో, బెజవాడలాంటి చోట, ఏ రోజువి ఆ రోజు ఉతకడమే మంచిది. ప్రయాణంలో జిప్పున్న తడి సంచి సాయపడుతుంది. ఇంటికి చేరగానే దాన్ని తిరగేసి గుడ్డలతోపాటే ఉతకాలి.

దొడ్డి గుడ్డల సంగతి వయసును బట్టి మారుతుంది. పుట్టిన రెండు మూడు రోజులు నల్లగా, బంకలా వచ్చేది గుడ్డకు అంటితే తేలిగ్గా వదలదు. ఆ రోజులకు బాగా పాతబడిన చీర ముక్కలు వాడి పారేయడంలో తప్పు లేదు. తరవాత తల్లిపాలు మాత్రమే తాగినన్నాళ్లూ ఆవపిండి రంగులో వచ్చేది నీళ్లలో ఇట్టే కరుగుతుంది. చన్నీళ్లే వాడండి. వేడినీళ్లు ముందే తగిలితే మాంసకృత్తుల మరక పోగులో పట్టేస్తుంది. అన్నప్రాసన అయ్యాక గట్టిపడుతుంది, అప్పుడు ముందుగా మరుగుదొడ్డిలో దులిపి, మిగిలింది జెట్ స్ప్రేతో కొట్టేస్తే సరి.

ఆ నీళ్లు ఎక్కడికి వెళ్తాయన్నది చిన్న విషయం కాదు. పాలు తాగే బిడ్డ దొడ్డిలో ఏముంటుందిలే అని పెరటి తూములోనో, గిన్నెలు కడిగే చోటో పారబోసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటా వైరస్ మలం ద్వారానే వ్యాపిస్తుంది, అదీ చాలా కొద్ది మోతాదుతో. 2016లో మన దేశం రోటా వైరస్ టీకాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి విడతగా ఎంచుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లో వేసే ఆ టీకా వేయించినా సరే, గుడ్డలు జాడించిన నీళ్లు మరుగుదొడ్డిలోకే వెళ్లాలి. ఆ వెంటనే సబ్బుతో చేతులు మోచేతి దాకా కడుక్కోవాలి, వంటింట్లోకి ఆ తరవాతే.

నీళ్లు, సబ్బు

ఒకే గుడ్డలు, ఒకే సబ్బు. రాజమండ్రిలో అక్కకు బాగానే ఉంటాయి, హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంటులో చెల్లెలికి నెలకే అట్టల్లా తయారవుతాయి. తేడా నీళ్లలో ఉంది. మీ నీళ్ల సంగతి మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది: కందిపప్పు ఎంతకీ ఉడకదు, కుళాయి మూతికి తెల్లని పొక్కు కడుతుంది, తలంటుకుంటే జుట్టు జిగురుగా ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న కఠిన జలమది. తాగునీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండవచ్చు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లు ఆ మొదటి గీతను సులువుగా దాటేస్తాయి.

కఠిన జలంలో మామూలు సబ్బు నురగ రాదు. ఆ ఖనిజాలతో కలిసి తెట్టు కడుతుంది, ఆ తెట్టు నీళ్లలో కరగక పోగుల మధ్య దిగబడుతుంది. గుడ్డ బిరుసెక్కడానికీ, పీల్చకపోవడానికీ, ఒరుసుకోవడానికీ మూలం అదే. బోరు నీళ్లున్నవాళ్లు బట్టల సబ్బు బిళ్ళను మానేసి డిటర్జెంట్ పొడికి మారండి. పంపునీళ్లు వచ్చే ఇంట్లో, అంటే మంజీరానో కృష్ణో గోదారో కుళాయిలోకి వస్తే, కనీసం ఆఖరి జాడింపుకు ఆ నీళ్లు పట్టుకోండి. వాననీళ్లు పట్టుకునే వీలున్నవాళ్లకు అంతకన్నా మెత్తని నీళ్లు లేవు.

డిటర్జెంట్ ఎంత అన్న ప్రశ్నకు చాలామంది తల్లులు భయంతో జవాబు చెప్పుకుంటారు: పసిబిడ్డ కదా, అర చెంచా చాలు అని. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ దానివల్ల గుడ్డ శుభ్రపడదు. సగం వదిలిన మురికి పోగుల్లోనే ఉండిపోయి వారం వారం పేరుకుంటుంది. ప్యాకెట్ మీద బాగా మురికైన బట్టలకు ఎంత రాశారో అంతా వేయండి, వాసన లేని రకం దొరికితే అది వేయండి, తరవాత నీళ్లు తేరేదాకా జాడించండి. బిడ్డను కాపాడేది తక్కువ సబ్బు కాదు, ఎక్కువ జాడింపు. కుంకుడు పులుసుతో ఉతుకుతామనే ఇళ్లున్నాయి. ఊలు స్వెట్టరుకు, పట్టు కుచ్చిళ్లకు అది బంగారమే, దొడ్డి గుడ్డకు మాత్రం దాని బలం చాలదు.

చేత్తో ఉతికేవాళ్లు: ముందు చన్నీళ్లలో అన్నిటినీ ఒకసారి జాడించి ఆ నీళ్లు పారబోయండి. తరవాత చెయ్యి పట్టేంత వేడినీళ్లలో పొడి కలిపి అరగంట నానబెట్టి, నలిపి, మూడు నాలుగు నీళ్లు మార్చండి. నూలు గుడ్డలను వారానికోసారి మరగబెట్టవచ్చు, పూర్వం చాకలివాళ్లు ఉబ్బకు వేసినట్టే. పీయూఎల్ కవర్లను మాత్రం ఎన్నడూ మరగబెట్టవద్దు, బండకేసి బాదవద్దు, బ్రష్షుతో రుద్దవద్దు.

మిషనులో అయితే మొదట చన్నీళ్లతో చిన్న చుట్టు, తరవాత 40 నుంచి 60 డిగ్రీల వేడితో పెద్ద చుట్టు, చివర ఒక జాడింపు అదనంగా. డ్రమ్ము మూడొంతుల్లో రెండొంతులు నిండాలి. గొంతు దాకా కుక్కితే నీళ్లు ఆడవు, మూడు గుడ్డలే వేస్తే ఒకదానికొకటి రాసుకోవు. పాకెట్లలోంచి ఇన్సర్టులు తీసి వేయండి. వెల్క్రో పట్టీలు అంటించి వేయండి, లేకపోతే పక్క గుడ్డల పోగులన్నీ లాగేస్తాయి.

వేయకూడనివి కొన్ని ఉన్నాయి, అవి వేయడమే మనకు బాగా అలవాటు. బట్టలకు కమ్మటి వాసన ఇచ్చే కండిషనర్ పోగు చుట్టూ పూతలా పట్టి నీళ్లను దగ్గరికి రానివ్వదు. ఉతికాక ఆఖరి నీళ్లలో మూతెడు యాంటీసెప్టిక్ కలపడం పురిటింటి సంప్రదాయమైపోయింది. ఆ మందు గుడ్డలో మిగిలి బిడ్డ మెత్తని చర్మాన్ని మంటెక్కిస్తుంది, వేడినీళ్లు, డిటర్జెంటు, ఎండ చేసిన పనికి అది కలిపేదేమీ లేదు. గంజి, నీలిమందు చెప్పనక్కరలేదు. బ్లీచింగ్ పొడి విషయంలో మరీ జాగ్రత్త: ఉచ్చతో తడిసిన గుడ్డల మీద చల్లితే అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులను మండించే వాయువు వస్తుంది, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో కలిస్తే అంతకన్నా ప్రమాదం.

గుడ్డల మీద గుర్తులు కూడా వద్దు. నల్లజీడి రసంతో చాకలి గుర్తు పెట్టడం మనకు తెలిసిందే. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికుల ఒంటి మీద, ఆ గుర్తు తగిలిన చోటల్లా బొబ్బలు లేచాయని 1943లో వాళ్ల వైద్యులు రాసిపెట్టారు. పెద్దవాళ్ల తోలుకే అలా అయితే పసిబిడ్డకు చెప్పాలా? అంతకు ముందే, 1886లో, బ్రిటన్‌లో అనిలిన్ సిరాతో ముద్రలు వేసిన ఆసుపత్రి గుడ్డలు ఉతక్కుండా కట్టిన పసికందులు నీలంగా మారారు, ఆ రంగు చర్మం గుండా రక్తంలోకి చేరి. కొత్త గుడ్డ ఏదైనా, ఎవరు కానుకగా ఇచ్చినా, ముందు ఉతకాల్సిందే.

ఎంత ఉతికినా తేడా కనిపిస్తే రెండు పరీక్షలు చేయండి. పొడి గుడ్డ మీద ఒక నీటి చుక్క వేయండి. ఇంకకుండా ముత్యంలా నిలబడిందంటే నూనె, క్రీము పేరుకున్నాయి. బిడ్డకు ఆముదమో కొబ్బరినూనో రాసే ఇళ్లలో ఇది మామూలే. వేడినీళ్లలో పూర్తి మోతాదు డిటర్జెంటుతో రెండుసార్లు ఉతికితే దారికొస్తుంది, ఇకముందు క్రీము రాసిన రోజుల్లో మధ్యన ఒక పలుచని పాత మల్లు ముక్క వేయండి. రెండోది వాసన: ఆరిన గుడ్డకు ఏమీ లేదు, బిడ్డ తడపగానే గుప్పుమంటోంది. అప్పుడు మురికి లోపలే ఉందన్నమాట, నూలువైతే మరగబెట్టండి. దద్దు మూడు నాలుగు రోజులకూ తగ్గకపోయినా, తొడ మడతల్లోకి పాకి చుట్టూ చిన్న చిన్న ఎర్రచుక్కలు లేచినా అది శిలీంధ్రం కావచ్చు. గుడ్డల వైద్యం దానికి చాలదు, పిల్లల డాక్టరు ఇచ్చిన మందు వాడుతూ అన్ని గుడ్డలనూ వేడినీళ్లలో ఉతకాలి.

ఎండ

మన చేతిలో ఉన్న గొప్ప సాధనం ఇదే, పైసా ఖర్చు లేనిది. ఉతికాక మిగిలిన పసుపు మరకను చూసి బాధపడకండి. గుడ్డ తడిగా ఉండగానే ఎండలో పరిస్తే దొడ్డి రంగు ఆ వెలుతురుకు విరిగిపోతుంది, సాయంత్రానికి మరక ఉండదు. ఎండకు ఆరేస్తే లాభం మరకతోనే ఆగదు. 2008లో బ్రిటన్ పర్యావరణ సంస్థ రెండున్నరేళ్ల డైపర్ల కర్బన భారం లెక్కకట్టింది. కాగితపు డైపర్లకు సుమారు 550 కిలోలు, గుడ్డవాటికి సగటున 570 వచ్చాయి. గుడ్డవి ఎక్కువ కావడానికి పెద్ద కారణం కరెంటు యంత్రంలో ఆరబెట్టడం, మరీ వేడినీళ్లలో ఉతకడం. మిషను నిండుగా వేసి, దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకు కూడా వాడితే ఆ భారం 200 కిలోల దాకా తగ్గుతుందని ఆ నివేదికే చెప్పింది. దండెం మీద ఆరేయడం మనకు ఒకరు నేర్పాలా? మరోపక్క, 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు వాడిన డైపర్లను తయారీదారు ఇచ్చిన సంచిలోనో, తగిన చుట్టులోనో గట్టిగా చుట్టి పొడి చెత్త డబ్బాలో వేయమన్నాయి. ఎన్ని ఇళ్లలో అది జరుగుతోందో మన వీధి చెత్తబండి చూస్తే తెలుస్తుంది.

ఇన్సర్టులు, లంగోటీలు నడినెత్తి ఎండలో వేయండి. కవర్లను నీడలో గాలికి వేయండి. లాస్టిక్‌ను సాగదీసి కాకుండా నడుం పట్టీ అడ్డంగా వేలాడేట్టు వేస్తే ఎక్కువకాలం నిలుస్తుంది. ముసురు పట్టినప్పుడు స్పిన్ రెండుసార్లు తిప్పి ఫ్యాను కింద పలుచగా పరవండి. నూలువాటికి చివర ఇస్త్రీ పెట్టవచ్చు, కవర్ల దగ్గరికి ఇస్త్రీ పెట్టె తేవద్దు. సాంబ్రాణి పొగ మీద గంప బోర్లించి గుడ్డలు ఆరబెట్టే పాత పద్ధతిని మాత్రం వదిలేయమంటాను. ఆ పొగ గుడ్డకు పట్టి రోజంతా బిడ్డ ముక్కు దగ్గరే ఉంటుంది.

ఎవరు చేయాలి

పూర్వం పురిటి గుడ్డలు ఉతికింది రజక స్త్రీలు. ఆ పని లేకుండా ఏ ఇంట్లోనూ పురుడు గడవలేదు, అయినా ఆ చేతులకు దక్కిన గౌరవం తక్కువ. తరవాత అది అమ్మమ్మ మీద పడింది. చిన్న కుటుంబాల్లో ఇప్పుడు కుట్లు ఆరని బాలింత మీదే పడుతోంది. గుడ్డలు విఫలమయ్యాయని చెప్పే చాలా ఇళ్లలో విఫలమైంది పని పంపకం. రాత్రంతా పాలిచ్చిన మనిషి పొద్దున్నే వంగి గుడ్డలు జాడించాలంటే ఎన్నాళ్లు చేయగలదు?

పనిని ‘సాయం చేస్తాను’ అన్న మాటతో పంచకండి, మనిషికొకటి రాసిపెట్టండి. పొద్దున రాత్రి గుడ్డ జాడించడం, మిషను వేయడం నాన్నవి. ఆరేయడం ఎండ చూసుకునే తాతగారిది. మడతలు కూర్చుని చేసే పని, నాయనమ్మకో అమ్మమ్మకో ఇష్టమైన పని కూడా. తల్లికి గుడ్డ మార్చడం ఎలాగూ తప్పదు. బిడ్డ తండ్రి దొడ్డి గుడ్డ ముట్టుకుంటే అత్తగారు నొచ్చుకునే ఇళ్లుంటాయి. వాదించకండి, ‘నా బిడ్డదే కదమ్మా’ అని కొడుకే ఆమెతో ఒక్క మాట చెబితే చాలు, ఆ మాట కోడలు చెప్పాల్సింది కాదు. పనిమనిషి చేత ఉతికిస్తున్నట్టయితే ముందుగా అడిగి, జీతం పెంచి, రబ్బరు తొడుగులు ఇచ్చి, దొడ్డి మీరే తీసేసి ఇవ్వండి.

దాచడం

మడత పెట్టేముందు ఇన్సర్టును మధ్యలో రెండు వేళ్లతో నొక్కి చెంపకు ఆనించి చూడండి. పైన ఆరినా లోపలి పొరలో చల్లదనం తగిలితే ఇంకా ఆరలేదు. అలాగే బీరువాలో పెడితే నాలుగు రోజుల్లో బూజు చుక్కలు వస్తాయి, అవి మరి పోవు. రోజువారీ గుడ్డలను మూసిన బీరువాలో కన్నా బిడ్డ పక్కకు దగ్గరగా, గాలి ఆడే అరలో పైన పలుచని గుడ్డ కప్పి ఉంచడం మేలు. కొత్తగా ఉతికినవి దొంతర అడుగున పెట్టండి, అప్పుడు అన్నీ సమానంగా అరుగుతాయి. పాకెట్లలో ఇన్సర్టులు ముందే దూర్చి ఉంచితే అర్ధరాత్రి చీకట్లో వెతుక్కోవక్కర్లేదు.

రెండో బిడ్డ కోసమో, చెల్లెలి బిడ్డ కోసమో ఏళ్ల తరబడి దాచాలనుకుంటే, ఈ అధ్యాయంలో మిగతాదంతా మరిచినా ఈ ఒక్కటి మరవకండి: కలరా ఉండలు వేయవద్దు. తెల్లగా, ఘాటుగా ఉండే ఆ ఉండలు నాఫ్తలీన్. అది కరగకుండానే ఆవిరై గుడ్డ పోగుల్లో నిలుస్తుంది, పీల్చినా చర్మానికి తగిలినా ఒంట్లోకి వెళ్తుంది, నూనె రాసిన ఒంటికి ఇంకా సులువుగా. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువున్న బిడ్డల్లో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. కామెర్లు ముంచుకొచ్చి మెదడు దాకా పోవచ్చు. నాఫ్తలీన్ ఆవిరి పీల్చి ఇలా జబ్బుపడిన 21 మంది నవజాత శిశువుల గురించి 1963లో గ్రీసు వైద్యులు ప్రచురించారు, వాళ్లలో కొందరు దక్కలేదు. ఆ లోపం మన దేశంలోనూ ఉంది, మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. బిడ్డకు ఉందో లేదో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, రక్తపరీక్ష చేయిస్తేగానీ తెలియదు. కాబట్టి పురిటింట్లో గుడ్డలకే కాదు, బిడ్డ బొంతలకు, ఊలు టోపీలకు, ఆ బీరువాకు కూడా ఆ ఉండలు పనికిరావు. అమ్మమ్మ ట్రంకు పెట్టెలోంచి ఆప్యాయంగా తీసిచ్చిన పాత గుడ్డలకు ఆ ఘాటు తగిలితే, ఒకటి రెండు ఉతుకులతో సరిపెట్టుకోకండి, బిడ్డకు వాడకండి. కర్పూరం బిళ్ళలూ బదులు కావు. పొరపాటున పిల్లల నోట్లోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి.

పురుగు పట్టకుండా ఉండాలంటే గుడ్డలో తిండి లేకుండా చేయాలి. వెండి పురుగులు గంజిని, మురికిని వెతుక్కుంటూ వస్తాయి. వేడినీళ్లలో ఉతికి, బాగా జాడించి, రెండు రోజులు వరసగా ఎండనిచ్చి, చల్లారాక పాత నూలు దిండు గలీబులో మూటగట్టి పెట్టండి. వేడి మీద మూట కడితే లోపల చెమ్మ పడుతుంది. పెట్టె అడుగున ఎండిన వేపాకు పరచి దాని మీద కాగితం వేయవచ్చు, ఆకు గుడ్డకు తగలకూడదు. వర్షాలు వెళ్లాక, కార్తీకంలో ఒకసారి బయటికి తీసి ఎండబెట్టండి.

మళ్లీ వాడే రోజు వచ్చినప్పుడు నూలువన్నీ ఒకసారి వేడినీళ్లలో ఉతకండి. కవర్ల లాస్టిక్‌ను సాగదీసి వదిలి చూడండి, కరకరమని శబ్దం వచ్చినా, వదిలినా తిరిగి ముడుచుకోకపోయినా టైలరు దగ్గర కొత్తది వేయించుకోవచ్చు. పీయూఎల్ పొర బుడగలు కట్టి ఊడితే దానికి మరమ్మత్తు లేదు. ఇన్సర్టులు మాత్రం అప్పటికీ బాగానే ఉంటాయి, కవర్లు కొత్తవి తెచ్చుకుంటే సరిపోతుంది.